చెప్పినవాడిదా తప్పు, విననివాడిదా?

చుక్కాని:
చాలా రోజులుగా మనసులో నలుగుతున్న విషయం, ఇక్కడ పెడుతున్నా. కమ్యూనికేషన్ అనగానే అందరూ మాట్లాడటమే నేర్పిస్తారు. ఎలా నిలబడాలి, కళ్ళలోకి ఎలా చూడాలి, ప్రెజెంటేషన్ ఎలా ఇవ్వాలి. వినడం మాత్రం ఎవరూ నేర్పించరు. నన్నడిగితే మాట అవతలికి చేరకపోతే ఎక్కువసార్లు తప్పు వినేవాడిదే.

నా సంగతే చెప్తా. పోయినేడు మా టీమ్‌లో పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి డేటా మార్చే పని పడింది. శనివారం ఒక్క రాత్రిలో అయిపోవాలని మీటింగ్‌లో మేనేజర్ అన్నాడు. నేను "ఒక్క రాత్రిలో అవుతుందంటారా సార్?" అన్నా. ఫోన్ చూసుకుంటూనే "అవుతుందిలే, కానివ్వు" అన్నాడు. అవ్వలేదు. సగంలో ఆగిపోయింది, బ్యాకప్ నుంచి అంతా వెనక్కి తెచ్చేసరికి సోమవారం మధ్యాహ్నం అయింది. తర్వాత నా అప్రైజల్‌లో రాసింది ఇది: "సమస్యలను ముందుగా తెలియజేయడంలో మెరుగుపడాలి". నేను తెలియజేశాను. ఆయన వినలేదు. మెరుగుపడాల్సింది ఎవరు మరి?

నీలిమేఘం:
నాదీ అచ్చం ఇదే కథ అండి. చదువుతుంటే కడుపు రగిలింది.

పాతకలం:
చుక్కాని గారు, మీ బాధ అర్థమైంది కానీ ఒప్పుకోలేను. మీరు చెప్పలేదు, అడిగారు. "అవుతుందంటారా సార్" అనేది ప్రశ్న. ప్రశ్న అడిగితే జవాబు వస్తుంది, వచ్చింది కూడా. "ఇన్ని రికార్డులు ఉన్నాయి, టెస్ట్‌లో గంటకి ఇన్నే వెళ్ళాయి, ఈ లెక్కన ఒక రాత్రి చాలదు" అని ఉంటే అది చెప్పడం. మీ దగ్గర ఆ లెక్క ఉందా లేదా? ఉంటే ఎందుకు బయటపెట్టలేదు? పాతికేళ్ళు పైగా పనిచేశాను, సగం గొడవలు ఇలా నసుగుతూ మాట్లాడటం వల్లే వస్తాయి.

చుక్కాని:
లెక్క ఉంది. రెండో మాట మాట్లాడేలోపే "కానివ్వు" అనేశాడు.

ఇంకోటి, మనం పెద్దవాళ్ళతో "ఇది అవ్వదు" అని ఎప్పుడైనా మొహం మీద అంటామా? "అవుతుందంటారా" అంటాం. తెలుగు తెలిసిన ఎవరికైనా దాని అర్థం అవ్వదనే కదా. ఇంట్లో పెద్దాయన ఎండలో బయల్దేరుతుంటే "ఇప్పుడు వెళ్ళాలంటారా" అంటాం, వెళ్ళొద్దని కదా అర్థం. అది ప్రశ్న కాదు, మర్యాదగా చెప్పిన హెచ్చరిక.

పాతకలం:
ఇంట్లో చెల్లుతుంది. పనిలో చెల్లదు. పైగా "అవుతుందంటారా" అని నిజంగా అడిగేవాళ్ళు కూడా ఉంటారు. ఎవరు అడుగుతున్నారో, ఎవరు హెచ్చరిస్తున్నారో వినేవాడు ఎలా కనుక్కోవాలి?

ఏడోమెట్టు:
ఇంత వాదన దేనికండి. కమ్యూనికేషన్‌లో మాటల వాటా 7 శాతమే, మిగతా 93 శాతం గొంతు, బాడీ లాంగ్వేజే అని మా ట్రైనింగ్‌లో చెప్పారు. ఆయన మీ మొహం చూసి ఉంటే తెలిసిపోయేది.

శ్రోత:
ఆ 93 శాతం మాట దయచేసి ఎక్కడా వాడకండి. ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే సైకాలజిస్ట్ 1967లో చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన అంకెలు అవి. విడి విడి పదాలు వినిపించి, మాట ఒకటీ గొంతు, ముఖం ఇంకొకటీ చెప్తుంటే జనం ఇష్టాయిష్టాలని దేన్ని బట్టి పోల్చుకుంటారో చూశారు. మామూలు సంభాషణకి అది వర్తించదని ఆయనే చెప్పారు. అదే నిజమైతే రాని భాషలో కూడా మనకి 93 శాతం అర్థమవ్వాలి.

ఏడోమెట్టు:
ఓహ్. ఇన్నేళ్ళుగా నమ్ముతున్నాను. థాంక్స్ అండి.

శ్రోత:
అసలు విషయానికి వస్తే, నేను హాస్పిటల్‌లో నర్సుని. డాక్టర్ నోటితో మందు చెప్తే మేం రాసుకుని, రాసింది తిరిగి చదివి వినిపిస్తాం, ఆయన అవును అన్నాకే ముందుకి వెళ్తాం. ఫిఫ్టీన్‌కీ ఫిఫ్టీకీ తేడా వినపడక ప్రాణం మీదకి రావచ్చు, అందుకని. ఇక్కడ చెప్పినవాడిదా విన్నవాడిదా అనే ప్రశ్నే రాదు. ఇద్దరూ కలిసి ఒక చుట్టు పూర్తి చేస్తారు. చుక్కాని గారి మీటింగ్‌లో "అంటే ఒక్క రాత్రి చాలదు అంటున్నావా?" అని ఒక్క మాట తిరిగి అడిగి ఉంటే అక్కడికక్కడే తేలిపోయేది.

గాలిపటం:
ఈ తిరిగి చెప్పడం గురించి నా గోడు వినండి. మా ఆయన ఆఫీసులో ఏదో క్లాస్‌కి వెళ్ళొచ్చాడు. అప్పట్నుంచీ నేను ఏం చెప్పినా "అంటే నువ్వు చెప్పేది ఏంటంటే నీకు ఈరోజు అలసటగా ఉంది, కరెక్టేనా?" అంటాడు. మా అమ్మకి ఒంట్లో బాలేదని చెప్తుంటే కూడా అదే వరస. "అంటే నీకు ఆందోళనగా ఉంది." అవును ఉంది, అయితే? రెండు రోజుల తర్వాత మీ అమ్మకి ఎలా ఉంది అని అడగలేదు. పొల్లు పోకుండా తిరిగి చెప్పాడు కానీ వినలేదు. నాకు టేప్ రికార్డర్ వద్దు, మనిషి కావాలి. పెళ్ళైన కొత్తలో ఏ క్లాసూ లేకుండానే బాగా వినేవాడు.

శ్రోత:
గాలిపటం గారు, మీరు చెప్పింది నిజం. ఇలా విన్నది తిరిగి చెప్పే పద్ధతిని యాక్టివ్ లిజనింగ్ అంటారు, ఆ మాట 1957లో కార్ల్ రోజర్స్, రిచర్డ్ ఫార్సన్ అనే సైకాలజిస్టులు రాసిన దాంతో ప్రచారంలోకి వచ్చింది. ఎదుటి మనిషి మీద నిజమైన గౌరవం లేకుండా పద్ధతి మాత్రమే వాడితే డొల్లగా ఉంటుందనీ, అవతలివాళ్ళకి అది తెలిసిపోతుందనీ అందులోనే ఉంది. క్లాసుల్లో పద్ధతి మిగిలింది, ఆ ముక్క పోయింది. కానీ మందు మోతాదు దగ్గర నాకు ప్రేమ అక్కర్లేదు, పద్ధతే కావాలి.

పాతకలం:
మళ్ళీ పక్కకి పోతున్నాం. నా ప్రశ్నకి జవాబు రాలేదు. "అవుతుందంటారా" ప్రశ్నా కాదా?

చుక్కాని:
సరే, దీనికి జవాబు చెప్పండి. 1977 మార్చి 27న స్పెయిన్‌కి చెందిన టెనెరిఫే దీవిలో పొగమంచులో రెండు 747 విమానాలు రన్‌వే మీద గుద్దుకుని 583 మంది చనిపోయారు. ఒకటి డచ్ కంపెనీ కేఎల్ఎమ్‌ది, రెండోది అమెరికా కంపెనీ పాన్ యామ్‌ది. కేఎల్ఎమ్ కెప్టెన్ అనుమతి రాకుండానే టేకాఫ్ మొదలుపెట్టాడు. పాన్ యామ్ విమానం ఇంకా రన్‌వే మీదే ఉంది, ఆ మాట వాళ్ళు రేడియోలో చెప్తూనే ఉన్నారు. కేఎల్ఎమ్ కాక్‌పిట్‌లో ఉన్న ఫ్లైట్ ఇంజనీర్ అది పట్టుకున్నాడు. "వాడు ఇంకా దాటలేదా?" అన్నాడు. కెప్టెన్ "ఏమన్నావ్?" అన్నాడు. మళ్ళీ అడిగాడు, "ఆ పాన్ యామ్ దాటలేదా?" కెప్టెన్ గట్టిగా "దాటింది" అన్నాడు. అంతే, ఇంక ఆగలేదు. ఆ కెప్టెన్ ఆ కంపెనీలో మిగతా పైలట్లకి శిక్షణ ఇచ్చేంత పెద్దాయన. ఆ ఇంజనీర్ కూడా ప్రశ్నే అడిగాడు పాతకలం గారు. అది కూడా నసుగుడేనా?

పాతకలం:
అవును, నసుగుడే అంటాను. అతను "ఆపండి" అని ఉండాల్సింది. మీ ఉదాహరణ నా వైపే ఉంది. ఆ ప్రమాదం తర్వాత "టేకాఫ్" అనే మాటని అసలు అనుమతి ఇచ్చేటప్పుడూ, దాన్ని రద్దు చేసేటప్పుడూ తప్ప ఇంకెక్కడా వాడకూడదని నియమం వచ్చింది. అంటే చెప్పే మాటని బాగు చేశారు. చిన్నవాళ్ళు కూడా గట్టిగా చెప్పాలని నేర్పించారు.

చుక్కాని:
సగమే చెప్తున్నారు. 1979లో నాసా పెట్టిన వర్క్‌షాప్ దగ్గర మొదలై వచ్చిన కాక్‌పిట్ శిక్షణలో చిన్నవాళ్ళకి చెప్పడం ఎంత నేర్పించారో కెప్టెన్లకి వినడం కూడా అంత నేర్పించారు.

సరే, సూటిగా చెప్పినా వినని కేసు కావాలా? నాసా స్పేస్ షటిల్ చాలెంజర్, 1986 జనవరి 28. ముందు రోజు రాత్రి దాని బూస్టర్ రాకెట్లు తయారుచేసిన కంపెనీ ఇంజనీర్లు 53 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా చల్లగా ఉంటే ప్రయోగం వద్దు, రబ్బరు సీళ్ళు సరిగ్గా మూసుకోవు అని ఫోన్ మీటింగ్‌లో చెప్పారు. అంటారా గింటారా ఏమీ లేదు, వద్దు అన్నారు. వాళ్ళ మేనేజర్లే కాసేపు విడిగా కూర్చుని ఆ మాట తిరగేశారు. తెల్లారి 7 మంది పోయారు.

పాతకలం:
ఆ కేసు నాకూ తెలుసు. ఆ రాత్రి వాళ్ళు పంపిన చార్టుల్లో చలికీ, సీళ్ళు దెబ్బతినడానికీ ఉన్న సంబంధాన్ని అన్ని పాత ప్రయోగాలకీ కలిపి ఒక్క చోట గీసిన గ్రాఫ్ లేదు. అలా గీసి ఉంటే ఎవరూ కాదనలేకపోయేవారు. చెప్పే పద్ధతి మళ్ళీ.

చుక్కాని:
చనిపోయినవాళ్ళతో సహా అందరి తప్పూ కనిపిస్తోంది మీకు, విననివాడిది తప్ప!! ప్రశ్నగా అడిగితే గట్టిగా చెప్పాలి అంటారు. గట్టిగా చెప్తే గ్రాఫ్ గీయాలి అంటారు. గ్రాఫ్ గీస్తే రంగు బాలేదంటారు. మీలాంటి మేనేజర్ల వల్లే మా బతుకులు ఇలా ఉన్నాయి.

నీలిమేఘం:
చిన్నప్పుడు బడిలో బట్టీ పట్టిన పద్యం ఉంది కదండి, ఎవరు చెప్పినా వినాలి, విన్నాక తొందరపడకుండా నిజమేదో తేల్చుకోవాలి అని. అందులో చెప్పేవాడు ఎలా చెప్పాలో ఒక్క ముక్క లేదు.

పాతకలం:
"మీలాంటి మేనేజర్లు" అన్నారు కాబట్టి చెప్తున్నా. అవును, నేను మేనేజర్నే. కొన్నేళ్ళ కింద ఒక పెద్ద పని నా చేతిలో పాడైంది. అయ్యాక టీమ్‌లో ఒక కుర్రాడు అందరి ముందూ "నేను ముందే చెప్పాను సార్" అన్నాడు. ఎక్కడ చెప్పావయ్యా అని వెతికితే మూడు స్క్రీన్ల పొడుగు మెయిల్‌లో కింద నుంచి రెండో లైన్, "ఈ విషయం కూడా ఒకసారి చూడగలరు". అంతే. పై వాళ్ళు ఆ లైన్ చూపించి నన్ను పక్కన పెట్టారు. నా కింద పనిచేసినవాళ్ళ కింద రెండేళ్ళు పనిచేశాను. అప్పట్నుంచీ "చెప్పాను కదా" అనే మాట వింటే ఒళ్ళు మండుతుంది. చెప్పడం అంటే తన మీద పడకుండా చూసుకోవడం కాదు, అవతలివాడికి చేరేదాకా పట్టుబట్టడం.

చుక్కాని:
అలా పట్టుబడితే ఏమవుతుందో నాకు తెలుసు సార్. నాకు ముందు ఆ సీట్లో ఒకావిడ ఉండేది. మీటింగ్‌లో "ఇది అవ్వదు, లెక్క ఇదిగో" అంది, గ్రాఫ్‌తో సహా. నెగటివ్ మనిషి అని పేరొచ్చింది, రెండు నెలల్లో వేరే పనికి మార్చేశారు. ఆవిడ చెప్పిందే తర్వాత జరిగింది, ఎవరూ ఆవిడకి సారీ చెప్పలేదు. అది చూశాకే నేను "అంటారా" నేర్చుకున్నా. నాకు సూటిగా మాట్లాడటం రాక కాదు. సూటిగా మాట్లాడితే ఎవరు మూల్యం కట్టాలి అన్నదే నా గొడవ. మీరు చెప్పే స్పష్టత మీకు ఉచితం, నాకు ఉద్యోగం.

శ్రోత:
ఇన్ని పోస్టుల తర్వాత అసలు మాట ఇప్పుడొచ్చింది. మా దగ్గర డాక్టర్ కోప్పడేవాడైతే తిరిగి చదివి వినిపించడానికి కూడా కొత్త నర్సులు భయపడతారు. పద్ధతి కాగితం మీద ఉంటుంది, గొంతు పెగలదు.

పాతకలం:
వినడం కూడా ఉచితం కాదు చుక్కాని గారు. వారానికి పది మంది వచ్చి అవ్వదంటారు. పదీ విని ఆగిపోతే ఏ పనీ జరగదు. ఏది నిజమైన భయమో ఏది బద్ధకమో నేను తేల్చుకోవాలి, తప్పితే నా తల పోతుంది.

గాలిపటం:
ఆ పది మందిలో ఎంత మందిని "ఎందుకు అవ్వదు" అని అడిగారండి? వాదించడానికి కాదు, నిజంగానే అడుగుతున్నా.

పాతకలం:
ఇద్దరు ముగ్గుర్ని. నాకు నచ్చినవాళ్ళని.

చుక్కాని:
అడిగినందుకు దాచకుండా చెప్పారు, దానికి గౌరవం ఉంది. అయినా నా మాట మారదు. ముందు వినేవాడు నోరు తెరిచే వీలు ఇవ్వాలి, ఆ తర్వాతే చెప్పేవాడి స్పష్టత గురించి మాట్లాడాలి.

పాతకలం:
నేనూ పూర్తిగా మారలేదు. ఆ మెయిల్ అలా రాయకూడదు, ఇప్పటికీ అదే అంటాను. కానీ ఒకటి ఇక్కడ రాయలేదు ఇందాక. ఆ కుర్రాడు మెయిల్ పంపిన సాయంత్రం నా రూమ్ దాకా వచ్చాడు. తలుపు దగ్గర నిలబడ్డాడు. నేను కాల్‌లో ఉన్నాను, తర్వాత రమ్మని చెయ్యి ఊపాను. మళ్ళీ రాలేదు, నేనూ పిలవలేదు. విచారణలో ఈ సంగతి అతను చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

గాలిపటం:
అతను ఇప్పుడు ఎక్కడున్నాడో తెలుసా?

పాతకలం:
తెలుసు. నంబర్ ఉంది.