ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి కేంద్రం) గుంతలో పని, కూలీలకు విరేచనాలు. మాస్కులతో ఆగుతదా?

సెంట్రింగ్ మేస్త్రి:
మూసీ పక్కన పాత ఎస్టీపీని ఆనుకొని కొత్తది కడుతున్నం. నా దగ్గర సగం పాలమూరోళ్లు, సగం ఒడిశావాళ్లు. ఇన్నాళ్లు కొత్త ట్యాంకుల పనే. ఇప్పుడు పాత లైన్‌కు కలపాలె. మోటార్ పెట్టి తోడుతున్నా గుంతల మురుగు మోకాలి లోతు నిలుస్తున్నది. ఇద్దరికి విరేచనాలు పట్టుకున్నయి. కంపెనీవాళ్లు మాస్కుల పెట్టె పంపి చేతులు దులుపుకున్నరు. ఇంకేం అడగాలె?

సేఫ్టీ ఆఫీసర్, విశాఖ:
మేస్త్రి గారూ, మాస్కు సంగతి తర్వాత. మోకాలి లోతులోకి అసలు మనిషిని దించకండి. బూటులోకి నీళ్లు దిగాక బూటున్నా ఒకటే, లేకున్నా ఒకటే. పాత లైన్‌ని ప్లగ్ చేసి (బిరడాతో మూసి), మురుగుని మోటారుతో పక్కనుంచి మళ్లించే బైపాస్ పంపింగ్ పెట్టమనండి. పాత మ్యాన్‌హోల్‌లోకి దిగమంటే మాత్రం ససేమిరా అనండి, అక్కడ జబ్బు కంటే ముందు గ్యాసే చంపుతుంది.

విరేచనాలు, టైఫాయిడ్, హెపటైటిస్ ఏ కామెర్లు నోటి ద్వారానే ఒంట్లోకి పోతాయి. ఖైనీ ఎలా వేస్తారో చూడండి: అరచేతిలో పోసి, బొటనవేలితో నలిపి, పెదవి కింద పెడతారు. అదే అరచేత్తో అంతకుముందే మురుగు పైపు పట్టుకుని ఉంటారు! మేం గుంత పక్కనే డ్రమ్ముకి కుళాయి బిగించి సబ్బుని తాడుతో కట్టాం (కట్టకపోతే సాయంత్రానికి మాయం). మట్టి చేతులకి శానిటైజర్ పెద్దగా పనిచేయదు.

ఇంకోటి, మనవాళ్లవి సిమెంటు తినేసిన చేతులు. ఆ పగుళ్లకీ, రాడ్డు గీరిన గాట్లకీ ఎలుక మూత్రం కలిసిన నీరు తగిలితే ఎలుక జ్వరం, అంటే లెప్టోస్పైరోసిస్. మోచేతి దాకా రబ్బరు గ్లౌజులు అడగండి. గుడ్డ గ్లౌజులు మురుగుని పీల్చి చేతికే అంటిస్తాయి.

పీహెచ్‌సీ డాక్టర్:
ధనుర్వాతం టీకా పడి 10 ఏళ్లు దాటినవాళ్లకు టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా) వేయించండి. టైఫాయిడ్, హెపటైటిస్ ఏ టీకాల ఖర్చు కంపెనీనే భరించమనండి. ఎలుక జ్వరానికి ముందుజాగ్రత్తగా వారానికోసారి 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ ఇస్తారు, కానీ డాక్టర్ చూశాకే. గర్భిణులకు వద్దు.

ఎలుక జ్వరం చాలామందిలో 5 నుంచి 14 రోజులకు బయటపడుతుంది. అప్పటికి మనిషి ఊళ్లో ఉంటాడు. జ్వరం, పిక్కల నొప్పి, ఎర్రబడ్డ కళ్లు ఉంటే ‘మురుగులో పనిచేశా’ అని అక్కడి డాక్టర్‌కు చెప్పమనండి. చెప్పకపోతే డెంగీ అనుకునే అవకాశమే ఎక్కువ.

సెంట్రింగ్ మేస్త్రి:
ప్లగ్ సోమవారం అంటున్నడు ఇంజనీరు. అందాక ఎవర్నీ దించ. డ్రమ్ము ఇయ్యాలనే పెట్టిస్త. ఖైనీ మాన్పించుడు మాత్రం నాతోని కాదు సార్.

సేఫ్టీ ఆఫీసర్, విశాఖ:
మాన్పించక్కర్లేదండీ. కడుక్కుని నలుపుకోమనండి.