రంపపు పళ్ళలా అరిగిన టైర్ల హోరు తగ్గుతుందా?

పెట్రోలు హ్యాచ్‌బ్యాక్, 185/65 ఆర్15 టైర్లు, గాలి 33 పీఎస్‌ఐ. ఔటర్ రింగ్ రోడ్డుపై వేగం 80 దాటగానే వెనుక నుంచి హోరు మొదలవుతుంది. 100కి చేరితే వెనుక సీట్లో అమ్మ మాట ముందుకు వినపడదు. క్లచ్ తొక్కినా తగ్గదు, మలుపుల్లోనూ మారదు. కొత్త తారు మీద మాత్రం కాస్త నెమ్మదిస్తుంది.

అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేయించాను. డిక్కీలో శబ్దం ఆపే షీటు కూడా వేయించాను (డబ్బు దండగ). చివరికి వెనుక టైర్లు ముందుకు మార్పిస్తే హోరూ ముందుకే వచ్చింది. వాటి లోపలి అంచును నిమిరితే ఒక దిశలో నున్నగా, ఎదురు దిశలో రంపపు పళ్ళలా గీరుకుంటోంది. మెకానిక్ ‘తిరిగితే అదే సర్దుకుంటుంది’ అంటున్నాడు. నాకైతే నమ్మకం కుదరడం లేదు. ట్రెడ్ (టైరు గాడుల లోతు) ఇంకా 4 మిల్లీమీటర్లు ఉంది.

ఇలా అరిగిన టైర్లు ముందు చక్రాలకు మార్చాక ఎవరికైనా నిజంగా శబ్దం తగ్గిందా, లేక కొత్తవి కొనాల్సి వచ్చిందా?