క్రానిక్ ఫెటీగ్‌కి మందు కనిపెట్టడానికి ఏ కంపెనీ అయినా డబ్బు పెడుతుందా?

కోనసీమ మాస్టారు:
అందరికీ నమస్కారమండి. మాది రాజోలు దగ్గర. మా చెల్లికి 2021లో కోవిడ్ వచ్చి తగ్గింది గానీ మనిషి మళ్లీ మామూలు కాలేదు. థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్, బి12 అన్నీ చేయించాం, అన్నీ నార్మలే. ఒక డాక్టరు నరాల బలహీనత అన్నారు, ఇంకొకరు టెన్షన్ అన్నారు, ఊళ్లో ఆరెంపీ గారు బలానికని సెలైన్లు ఎక్కించారు, చుట్టాలైతే మొహం మీదే బద్ధకం అనేశారు. చివరికి విశాఖలో ఒక డాక్టరమ్మ గంటసేపు ఓపిగ్గా విని ఇది క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్, అంటే ఎంత పడుకున్నా తీరని నీరసం జబ్బు అన్నారు, దీనికంటూ మందు లేదని కూడా చెప్పారు.

మొన్న ధనుర్మాసంలో కాస్త ఓపికగా ఉందని వాకిట్లో ముగ్గు వేద్దామని కూర్చుంది. పదిహేను చుక్కల ముగ్గు. చుక్కలన్నీ పెట్టి, రెండు వరసలు కలిపి, ముగ్గు ఉన్న కొబ్బరి చిప్ప అక్కడే వదిలేసి లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు బాగానే ఉంది, మర్నాటి నుంచి ఐదు రోజులు మంచం దిగలేదు. చెయ్యి పైకెత్తలేకపోతే మా అమ్మే తల దువ్వి జడ వేసింది. షుగర్‌కీ బీపీకీ అన్నన్ని మాత్రలు చేసే కంపెనీలు దీని జోలికి ఎందుకు రావండి? ఎప్పటికైనా వస్తాయా?

పాలకొల్లు అబ్బాయి:
మాస్టారూ, నేను హైదరాబాద్‌లో క్లినికల్ ట్రయల్స్ పని చూస్తానండి. రోగులు తక్కువని రావట్లేదు అనుకోకండి. అమెరికాలోనే 8,36,000 నుంచి 25 లక్షల మంది దాకా ఉంటారని 2015లో అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ రాసింది. చిక్కంతా కొలత దగ్గరే. షుగర్ మందుకైతే వేసుకోకముందు అంకె, వేసుకున్నాక అంకె చూపిస్తే సరిపోతుంది. దీనికి రక్త పరీక్షే లేదు. మన రొయ్యల చెరువుల్లో వైట్ స్పాట్ వైరస్‌కి మందు లేకపోయినా పీసీఆర్ పరీక్ష ఉంది కాబట్టి సీడ్ (రొయ్య పిల్లలు) కొనేముందే మంచిదో కాదో చూసుకుంటున్నాం, ఇక్కడ ఆ పీసీఆర్ లాంటిదే లేదు. నాలుగు రకాల జబ్బులవాళ్లు ఒకే ట్రయల్లో చేరిపోయారనుకోండి, మందు ఒక రకానికి పనిచేసినా లెక్కలో కనపడదు.

నార్వేలో ఇద్దరు క్యాన్సర్ డాక్టర్లు ఈ జబ్బువాళ్లకి రిటుక్సిమాబ్ అనే క్యాన్సర్ మందు ఇచ్చి చూస్తే 2011 నాటి చిన్న ట్రయల్లో బాగా ఆశ కలిగింది. తర్వాత 151 మందితో పెద్దది చేసి 2019లో ఫలితం ప్రచురిస్తే, మందు ఇచ్చినవాళ్లలో 26 శాతం, ఉత్తుత్తి మందు ఇచ్చినవాళ్లలో 35 శాతం మంది మెరుగయ్యారు. అలాంటిది చూశాక ఏ కంపెనీ బోర్డు ముందుకొస్తుందండి? ఈ జబ్బుకే తెచ్చిన యాంప్లిజెన్ అనే మందునీ అమెరికాలో మందులకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ 2009లో, మళ్లీ 2013లో వెనక్కి పంపింది.

భీమవరం నుంచి:
బాబూ, నాకిది తొమ్మిదేళ్లుగా ఉంది, అందుకే గట్టిగా అడుగుతున్నాను. డిప్రెషన్‌కి మాత్రం రక్త పరీక్ష ఉందా? దానికి అన్ని మందులు ఎలా వచ్చాయి? నాల్‌ట్రెక్సోన్ అనే పాత మందు తక్కువ డోసులో వేసుకుంటే మాలో కొంతమందికి తేలికగా ఉంటోంది, కానీ దాని పేటెంట్ ఎప్పుడో అయిపోయింది, పెద్ద ట్రయల్‌కి డబ్బు పెడితే తిరిగి రాదని ఎవరూ పెట్టరు. కొలత లేదు కాబట్టి రాము అంటారు సరే, మరి ఆ కొలత కనిపెట్టే ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

మాస్టారు గారూ, ఒక్కమాట. చెల్లాయిని రోజూ కాస్త వాకింగ్ పెంచుకోమని ఎవరైనా అంటే వినకండి. అలా మెల్లమెల్లగా వ్యాయామం పెంచే పద్ధతి ఈ జబ్బుకి వద్దని బ్రిటన్‌లో ఏ జబ్బుకి ఏ వైద్యం చేయాలో చెప్పే నైస్ సంస్థ 2021లోనే చెప్పేసింది. మీరు చెప్పిన ఆ ఐదు రోజుల మంచమే ఈ జబ్బు గుర్తు.

పాలకొల్లు అబ్బాయి:
అక్కా, మీరు అడిగింది న్యాయమే, నేను తేల్చి చెప్పేసినట్టు రాశాను. డిప్రెషన్ సంగతి ఎలా జరిగిందంటే, 1950ల్లో టీబీకి ఇచ్చిన ఇప్రోనియాజిడ్‌తో రోగులు హుషారుగా తిరగడం చూశారు, అక్కడ దారి దొరికింది, మిగతా కంపెనీలు వెనకే వచ్చాయి. మనకి ఆ మొదటి మందు ఇంకా దొరకలేదు. ఆ నార్వే డాక్టర్లే ఎముక మజ్జ క్యాన్సర్ మందు డారాటుముమాబ్‌ని పదిమందికి ఇచ్చి చూశామని 2025లో రాశారు, ఆరుగురు బాగా కోలుకున్నారట. ఉత్తుత్తి మందుతో పోల్చి చూడలేదు, రిటుక్సిమాబ్ అనుభవం ఉంది కాబట్టి నేనైతే ఇప్పుడే నమ్మకం పెట్టుకోమని చెప్పను. అదే ఏడాది ఆగస్టులో బ్రిటన్‌లో డీకోడ్‌ఎంఈ అనే పరిశోధన వాళ్లు 15,579 మంది రోగుల డీఎన్ఏని ఈ జబ్బు లేనివాళ్లతో పోల్చి చూసి ఎనిమిది చోట్ల తేడా పట్టుకున్నారు. అది ప్రభుత్వ డబ్బుతో జరిగింది. ఖర్చు ఎవరు పెట్టాలన్న మీ ప్రశ్నకి నాకు తెలిసిన జవాబు ఇదే, ముందు ప్రభుత్వాలు పెట్టాలి, కంపెనీలు ఆ తర్వాతే వస్తాయి.

కోనసీమ మాస్టారు:
ఇద్దరికీ చాలా థాంక్సండి. మీరు రాసినదంతా చెల్లికి చదివి వినిపించాను, వాకింగ్ మాట దగ్గర ఆపి మళ్లీ చదవమంది. దాన్ని రోజూ సాయంత్రం కాలవగట్టు దాకా నడిపించింది నేనే. ఈసారి పండక్కి ముగ్గు నేను వేస్తాను, తను అరుగు మీద కూర్చుని ఎక్కడ కలపాలో చెబుతానంది.