అప్‌డేట్: ఆగిపోయిన మా ఓరుగల్లు రోల్‌ప్లే మళ్లీ నడుస్తోంది

హన్మకొండలో మేం కొందరం టెలిగ్రామ్‌లో కాకతీయుల కాలం కథను రోల్‌ప్లేగా రాసుకుంటున్నాం, ఎవరి పాత్రను వాళ్లే నడుపుతూ. మధ్యలో ఎవరికీ రాయబుద్ధి కావడం లేదు, ఏం చేయాలని ఇంతకుముందు అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్, కథ మళ్లీ ఊపందుకుంది.

ముఖ్యంగా పనిచేసిన సలహా ఇది: మన వంతు ముగించేటప్పుడు అవతలివాళ్లు అందుకోవడానికి ఏదో ఒకటి వదలాలి. వాళ్ల పాత్ర ఏం చేసిందో మాత్రం మనం రాయకూడదు. మా వర్తకుడి పాత్ర రాసే తమ్ముడు ఇదివరకు "కావలివాడు బెదిరి దారిచ్చాడు" అని తనే తేల్చేసేవాడు. ఈసారి "మోటుపల్లి రేవు నుంచి తెచ్చిన మూటను కోట వాకిట్లో పెట్టి, విప్పకుండా నిలబడ్డాడు" అని ఆపాడు. కావలివాడిని రాసే అక్క ఆ మూటలోంచి ముత్యాలకు బదులు తాటాకు ఉత్తరం తీయించింది. మాలో ఎవరూ ఊహించని మలుపది! ఆ రాత్రంతా ఫోన్లు వదల్లేదు. రాసేవాళ్లకే తర్వాతేమవుతుందో తెలియకపోవడంలోనే నాకు అసలు మజా కనిపించింది.

కథ బయటి మాటలకు వేరే గ్రూప్ పెట్టడం కూడా మేలు చేసింది. ఏ సన్నివేశం ఎవరికి ఇబ్బందో అక్కడే చెప్పుకుంటున్నాం.

పాచికలు వేసి ఫలితం తేల్చే బాట్ (ఆటోమేటిక్ ప్రోగ్రామ్), పొడవాటి పోస్టులు లాంటివి మా సమస్యకు సంబంధం లేనివని తేలింది. చరిత్ర వివరాలు సరిగా లేవేమోనన్న నా అనుమానమూ అంతే. సముద్ర వర్తకులకు రక్షణ హామీ ఇస్తూ కాకతీయ రాజు గణపతిదేవుడు 1244లో వేయించిన మోటుపల్లి అభయ శాసనం చదివాక వర్తకుడి సరుకులు బాగా కుదిరాయి కానీ, ఆగిన కథను కదిలించింది మాత్రం ఆ విప్పని మూటే.