ఐర్లండ్ అంతర్యుద్ధ నవలల్లో అన్నదమ్ములు చెరో పక్షం: చరిత్రా, ఫార్ములానా?

పాతచొక్కా:
ఐర్లండ్ మీద ఏ కుటుంబ నవల తెరిచినా ఇదే వరస. 1921 డిసెంబరులో బ్రిటన్‌తో ఒప్పందం కుదురుతుంది. రాజుకు విధేయంగా ఉంటామన్న ప్రమాణాన్ని అన్న సరే అంటాడు, తమ్ముడు తుపాకీ పడతాడు. చివర్లో ఒకడి చేతిలో ఇంకొకడు పోతాడు, అమ్మ ఏడుస్తుంది. ఇది చరిత్ర కాదు, సినిమా.

నల్లకోటు:
ఆ మాట అనేముందు కార్క్ కౌంటీ హేల్స్ అన్నదమ్ముల గురించి చదవండి. షాన్ హేల్స్ ఒప్పందానికి ఓటేసిన ఐర్లండ్ పార్లమెంటు సభ్యుడు. టామ్ హేల్స్ దానికి వ్యతిరేకి. 1922 ఆగస్టు 22న ఒప్పందం మీద సంతకం పెట్టిన ప్రభుత్వ సైన్యాధిపతి మైకేల్ కాలిన్స్ చనిపోయిన బేల్ నా బ్లా దాడికి నాయకుడు ఆయనే. డిసెంబరు 7న డబ్లిన్‌లో షాన్‌ను ఒప్పంద వ్యతిరేకులు కాల్చి చంపారు. నవలలో రాస్తే అతి అంటారు మీరు.

గోలీసోడా:
ఒప్పందం మీద సభలో ఓట్లు 64–57. ఇళ్లు చీలకుండా ఎలా ఉంటాయండీ?

పాతచొక్కా:
ఒక్క ఇల్లు చూపించి ఊరంతా ఇంతే అంటే ఎలా? అయినా టామ్ కాలిన్స్‌ను కాల్చాడని ఎక్కడుంది?

నల్లకోటు:
కాల్చాడని నేనెక్కడన్నాను? నాయకుడన్నాను. పైకెళ్లి చూడండి.

పాతచొక్కా:
నాయకుడంటే చంపినట్టేగా మీ ఉద్దేశం.

నల్లకోటు:
నా ఉద్దేశం మీరు రాయకండి. ప్రతి చర్చలోనూ ఇదే గోల.

ఎర్రంచు:
మా పెదనాన్న నా పెళ్లికి రాలేదు. రాష్ట్ర విభజన గొడవల్లో నాన్నకీ ఆయనకీ చెడిందని బంధువులందరూ చెప్పుకుంటారు. అసలు పేచీ తాతయ్య రాసిచ్చిన స్థలం దగ్గర. ఈ నవలల్లో అందరూ సిద్ధాంతం కోసమే కొట్టుకుంటారు, స్థలం కోసం ఒక్కడూ కొట్టుకోడు.

నల్లకోటు:
ఒప్పందం వైపు ప్రభుత్వంలో మంత్రి అయిన కెవిన్ ఓహిగిన్స్ 1921లో పెళ్లి చేసుకుంటే తోడుపెళ్లికొడుకు రోరీ ఓకానర్, తర్వాత ఒప్పంద వ్యతిరేకుల నాయకుడు. మరుసటేడు డిసెంబరు 8న అదే ఓకానర్‌ను మరో ముగ్గురితో కలిపి కాల్చి చంపాలని నిర్ణయించిన మంత్రివర్గంలో ఓహిగిన్స్ ఉన్నాడు. ఇదీ స్థలం తగాదానేనా అమ్మా?

పాతచొక్కా:
ఆగండి, అక్కడే నా కడుపు మండేది. ఆ నలుగురూ జూన్ నెలాఖరు నుంచి జైల్లోనే ఉన్నారు. షాన్ హత్య వాళ్లు చేసింది కాదు. ప్రతీకారంగా, విచారణ లేకుండా ప్రభుత్వం చంపేసింది. దీన్ని నవలలో “అయ్యో, రక్తసంబంధం, విధి” అని కన్నీళ్లతో కడిగేస్తారు. అన్నదమ్ములిద్దరూ పాపం మంచివాళ్లే! మరి తప్పెవరిది? ఆ ముక్క రాయకుండా తప్పించుకోడానికే ఈ ఫార్ములా.

నల్లకోటు:
ఇప్పటికి బయటపడ్డారు! మీకు కావాల్సింది నవల కాదు, తీర్పు. బాలీసీడీ తెలుసా? 1923 మార్చి 7, కెర్రీ కౌంటీ. ప్రభుత్వ సైనికులు 9 మంది ఒప్పంద వ్యతిరేక ఖైదీలను మందుపాతర చుట్టూ కట్టి పేల్చారు. ఒక్క స్టీఫెన్ ఫుల్లర్ బతికాడు. తర్వాత పార్లమెంటు సభ్యుడయ్యాడు, రాజకీయ వేదికల మీద మాత్రం ఆ సంగతి ఎత్తలేదు. అనుభవించినవాడే ఊరుకుంటే మధ్యలో మీ తీర్పేమిటి?

పాతచొక్కా:
ఊరుకోవడం ఆయనిష్టం, ఆయన పడ్డాడు కాబట్టి. నవల రాసేవాడు ఏం పడ్డాడని ఊరుకుంటాడు?

గోలీసోడా:
మన వి.వి.గిరి గారు 1916 దాకా డబ్లిన్‌లోనే చదివారు. ఆ కోణంలో ఎవరైనా రాయకూడదూ?

పాతచొక్కా:
విషయం మార్చకండి. నల్లకోటు గారింకా జవాబు చెప్పలేదు.