పాత బెంజ్‌కు లావు స్టెబిలైజర్ బార్ (మలుపుల్లో బండి వాలకుండా ఆపే కడ్డీ) వేయాలా, బుష్‌లు (ఆ కడ్డీని పట్టుకునే రబ్బరు ముక్కలు) మారిస్తే చాలా?
అన్నలారా, మాది కడప. నాన్న ప్రాణంగా చూసుకున్న 1996 బెంజ్ ఈ220 ఇప్పుడు నా చేతికొచ్చింది. గువ్వలచెరువు ఘాట్‌లో మలుపు తిప్పితే బండి పక్కకు వాలిపోతాంది, స్పీడ్ బ్రేకర్ ఎక్కితే ముందునుంచి టక్ టక్. జాకీ ఎత్తి చూస్తే బార్ బుష్‌లు బీటలు వారినాయి, గోరుతో గిల్లితే పొడి రాలుతాంది. 30 ఏళ్ల రబ్బరు, పైగా మన ఎండలు.

మెకానిక్ వెనక లావు బార్ వేద్దామంటున్నాడు. వెనక ఒక్కటే బిగువైతే తడి రోడ్డు మీద తోక జారుతుందని నా భయం. మొదట బుష్‌లు మార్చి చూడటమే మేలా? రబ్బరుకు బదులు పాలీయురేథేన్ (గట్టి ప్లాస్టిక్ లాంటిది) బుష్‌లు వేసినోళ్లు చెప్పండి, గ్రీజు ఆరాక కీచుమంటాయా? వెనక సీట్లో నాన్న కూర్చుంటాడు, ఆయనకు కుదుపు తగలకూడదు. బండి బరువు చక్రాల మీద పడ్డాకే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండికి కలిపే కింది చెయ్యి) బోల్టులు బిగించే ఓపికున్న మెకానిక్ కడప, ప్రొద్దుటూరు వైపు ఉంటే చెప్పండన్నా.