జిత్తెనా, జుత్తెనా?

ప్రశ్న: సమురాయ్ సినిమాల్లో పోలీసుల చేతిలో కొక్కెం ఉన్న ఇనుప కడ్డీ ఒకటి కనిపిస్తుంది. సబ్‌టైటిల్స్‌లో ఒకచోట ‘జిత్తె’ అని, ఇంకోచోట ‘జుత్తె’ అని వేస్తున్నారు. ఏది కరెక్టండీ?

జవాబు: రెండూ చెల్లుతాయి. (మన చెవికి ఒకటి జిత్తులమారిలా, ఇంకోటి జుత్తులా వినిపిస్తుంది, అది వేరే సంగతి.) వయసులో పెద్దది మాత్రం ‘జిత్తె’.

రాసేటప్పుడు రెండు అక్షరాలు: పది, చెయ్యి. పదిని జపనీస్‌లో ‘జూ’ అంటారు, చేతిని ‘తె’ అంటారు. మరి ‘జి’ ఎక్కణ్ణుంచి వచ్చింది? ఈ ‘జూ’ చైనా నుంచి తెచ్చుకున్న మాట. పాత చైనీస్‌లో దాని చివర ‘ప్’ ఉండేది. కాంటనీస్‌లో ‘సప్’, కొరియన్‌లో ‘షిప్’ అని ఇప్పటికీ ఆ ‘ప్’ పలుకుతూనే ఉన్నారు. జపనీస్‌లో విడిగా ఉన్నప్పుడు అది ‘జిఫు’, ‘జియు’ అంటూ అరిగి ‘జూ’ అయింది. పక్కన ‘త’ వచ్చినచోట మాత్రం ఆ ‘ప్’ అందులో కలిసిపోయి ‘త్త’ మిగిలింది. మనకు ‘భక్తి’ కాస్తా ‘బత్తి’ అయిన పద్ధతే.

తర్వాత జనం ‘జూ’ని మనసులో పెట్టుకుని ‘జుత్తె’ అనడం మొదలుపెట్టారు. ‘పది నిమిషాలు’ అనే మాటకీ ఇదే గొడవ: ‘జిప్పున్’ అనేవాళ్లున్నారు, ‘జుప్పున్’ అనేవాళ్లున్నారు. 2010లో సవరించిన ప్రభుత్వ కాంజీ (జపనీస్‌లో వాడే చైనా అక్షరాలు) పట్టికలో ‘జు’ పలుకుబడి కూడా ఫర్వాలేదని నోట్ పెట్టారు. కాబట్టి తప్పు పట్టకండి.

ప్రశ్న: పది చేతులేమిటి సార్, కడ్డీకి?

జవాబు: పదిమంది చేతుల బలం ఇస్తుందని ఒక వివరణ చెబుతారు. వినడానికి బాగుంది గానీ, పేరు పుట్టాక అల్లిన కథలా అనిపిస్తుంది నాకు. వస్తువు చూస్తే అడుగో అడుగున్నరో ఉంటుంది, పదునుండదు. దొంగను చంపకుండా పట్టుకోవడానికి కదా! పిడి దగ్గరి కొక్కెం కత్తిని ఆపడానికి. ఎడో కాలంలో (1603–1868, షోగన్ల పాలన నాటి జపాన్) అది ఆయుధమే కాదు, అధికార చిహ్నం కూడా. ‘జిత్తె వొ అజుకరు’, అంటే జిత్తెను బాధ్యతగా అందుకోవడం, అన్నారంటే పోలీసు పనిలో చేరినట్టే. ఇప్పటి పోలీసు లాఠీని ‘కేబో’ అంటారు, దానికి కొక్కెం ఉండదు.

ప్రశ్న: మా వాడి కరాటే క్లాసులో ‘జిత్తె’ అని ఒక కతా (వరస తప్పకుండా చేసే కదలికలు) నేర్పుతున్నారు. అదీ ఇదేనా?

జవాబు: షోటోకాన్ అనే కరాటే శైలి అయ్యుంటుంది. అక్షరాలు అవే రెండు. కాకపోతే ఆ కతా వట్టి చేతులతోనే చేస్తారు, కడ్డీ కొనమంటే కొనకండి.